గేమ్ డబ్బాకు ఆడోళ్ళు వేసిన తాళాలు

ఇట్లాంటివి రాసేటోళ్ళకు మామూలుగా తల నెరిసి ఉంటది, పెన్షన్ వస్తుంటది. నాకు రెండూ లేవు. సర్వీస్ లైన్ల పట్టుమని నాలుగేండ్లు గూడ చెయ్యకముందే బయటపడ్డ. మా ఓనర్‌ని అడిగితే "దాని నోరే దాన్ని పంపిచ్చింది" అంటడు. అయినా రాస్తున్న. ఎందుకంటే మొన్న కొత్తగా చేరిన ఒక పిల్ల నాకు మెసేజ్ పెట్టింది. "అక్కా, కస్టమర్ ఇంట్ల కెమెరా గురించి, మైకు గురించి అడిగితే ఏం చెప్పాలె? ట్రైనింగ్‌ల మాత్రం 'సెట్టింగ్స్‌ల బంద్ చేసుకోవచ్చు' అని చెప్పమన్నరు." వాయిస్ మెసేజ్ పెడదామని మొదలుపెట్టిన. అది ఎంతకూ అయిపోలే. అందుకే కూసొని రాస్తున్న. నువ్వు చదువు, నీ బ్యాచోళ్ళకు గూడ పంపు.

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్. అక్కడ సర్వీస్ సెంటర్ల మేనేజర్‌తో లొల్లి అయింది. ఆయన నన్ను ఉద్యోగంలకెల్లి తీసెయ్యలే, ఛత్తీస్‌గఢ్‌ల జగదల్‌పూర్ డీలర్ దగ్గరికి పంపిండు. రెండూ ఒకటే అనుకున్న అప్పుడు. బస్ దిగి ఫోన్ తీసి నెట్ ఎన్ని గీతలు వస్తుందో చూసిన. వచ్చింది. సరే బతకొచ్చు అనుకున్న.

అక్కడ మా ఓనర్ తెలుగాయనే, కానీ ఆ ఊర్లనే పుట్టి పెరిగిండు. గల్లా హిందీల, బేరం అక్కడి హల్బీ భాషల, తిట్లు తెలుగుల. టీవీలు, ఫ్రిజ్‌లు, గేమ్ డబ్బాలు అన్నీ అమ్ముతడు. గేమ్ డబ్బాలకు నేను. బస్తర్‌ల గేమ్ డబ్బాలు ఎవరు కొంటరనుకుంటున్నవా? నేనూ గట్లనే అనుకున్న. ఆర్నెల్లల్ల నాకు దంతెవాడ దాకా రోడ్డు మీద గుంతలన్నీ గుర్తుండిపోయినయి.

ఆ కంప్లెయింట్ వచ్చిన రోజు ఓనర్ సమోసా తింటుండు.

"గీదం దాటినంక వర్క్‌షాప్ కాలనీ ఉంది చూడు. ఆడ ఒక గేమ్ డబ్బా వాపస్ తీసుకపోమంటున్నరు. ఫోన్ల ఆడమనిషి. మస్తు గరం మీదుంది. నీకు సరైన జోడీ."

"డబ్బా పాడైందా?"

"పాడు గాలే. బాగనే పనిచేస్తుందట. అదే బాధట."

అది రేకుల కప్పుతో వరుసగా కట్టిన లైన్ ఇండ్లు. ముందు ఒక గది, ఎనక వంటగది, బయట సన్నటి అరుగు. అరుగు మీద ఒకాయన కుర్చీల కూసున్నడు, కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డల ఉంది. నన్ను చూసి లోపలికి కేకేసిండు, "ఏందే, కంపెనీ పిల్లొచ్చింది!"

లోపల్నుంచి జవాబు: "వచ్చింది గద, రానియ్యి. డబ్బా ఎత్తుకపోతదా, ముచ్చట పెడతదా అడుగు."

తెలుగు! అదీ "ఏంది" అనే తెలుగు. వాళ్ళది భోపాల్‌పట్నం దిక్కు. నాకు ప్రాణం లేచొచ్చింది. గప్పటి నుంచి ఆమె నాకు వదిన, ఆయన అన్న.

ఆ ఇంటి సంగతి చెప్పాలె. అన్న గనులకు బెల్టులు, బండ్లు బాగుచేసే ఒక కాంట్రాక్టు వర్క్‌షాప్‌ల ఫిట్టర్. కన్వేయర్ బెల్టుల చెయ్యి పడి భుజం నలిగింది. ఆపరేషన్ అయింది. మళ్ళ పనిల పెట్టుకోవాలంటే ఆ చెయ్యి తలమీదికి లేవాలె, లేచి నిలబడాలె. డాక్టర్ ముందట పరీక్ష ఉంటది. జగదల్‌పూర్‌ల ఫిజియో మేడమ్ దగ్గరికి రోజూ పోవుడు కుదరదు. ఆమెనే చెప్పింది, గేమ్ డబ్బాల కసరత్తు ప్రోగ్రామ్ ఒకటుంది, టీవీ మీద కెమెరా నిన్ను చూసి చెయ్యి ఎంతెత్తు లేచిందో కొలుస్తది, ఆ లెక్క నాకొస్తది అని. తోటి పనోళ్ళు కలిసి కొనిచ్చిండ్రు.

వదిన టైలర్. జాకెట్లు కుడతది. ఆమెకు వేరే దుకాణం లేదు, ఆ ముందుగదే దుకాణం. ఆడోళ్ళొస్తే అన్న అరుగు మీదికి పోతడు, తలుపుకు గడియ పడతది, కిటికీకి పరదా దిగుతది. కొలతలు అక్కడనే, తొడిగి చూసుకునుడు అక్కడనే. అన్నకు జీతం ఆగినంక ఇల్లు ఆమె కుట్టుమిషన్ మీదనే నడుస్తుంది.

ఇప్పుడు అర్థమైంది గద. అన్న చెయ్యికి ఆ గదిల కెమెరా కావాలె. వదిన మిషన్‌కు ఆ గదిల కెమెరా ఉండొద్దు. గది ఒక్కటే.

ఏమైందో వదిననే చెప్పింది, కొలతల టేపు మెడల వేసుకొని.

"పొద్దుగాల ఈయన కసరత్తు చేసిండు. టీవీ బంద్ చేసి బయటికి పోయిండు. టీవీ బందైతే మొత్తం బందే అనుకున్నడు. మధ్యాహ్నం ఒక పిల్లొచ్చింది. చెయ్యి ఎత్తమ్మా అన్న, చంక కొలత తీసుకోవాలె గద. ఎత్తింది. పక్కన కూసున్నామె సీరియల్ పెడదామని టీవీ పెట్టింది. ఏం కనబడ్డదో ఎరుకేనా?"

"ఏం కనబడ్డది?"

"మేమే! ఆ పిల్ల చెయ్యెత్తి నిలబడ్డది, కొంగు లేదు. భుజం మీదికెల్లి చెయ్యి దాక పచ్చగీతలు. ఆ డబ్బా మాట్లాడుతుంది: 'శాబాష్! ఔర్ ఊపర్!' ఇంకా పైకెత్తమంట!"

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్న. వదిన ముఖం చూస్తే అది నవ్వే సంగతి కాదు. పొద్దుమూకే వరకు సంగతి కాలనీ మొత్తం పాకింది. కొయ్యని బట్టలన్నీ వాపస్ తీసుకపోయిండ్రు. ఆ పిల్ల ఇంట్లకెల్లి బయటికి రాలేదట.

డబ్బా పెట్టి చూసిన. మైకు తెరిచే ఉంది, మాటతో నడవడానికి. అంతకన్నా అన్యాయం ఇంకోటుంది. 'మంచి క్షణాలు' అని ఒక సెట్టింగ్. ఎవరన్న మంచిగ చెయ్యెత్తితే డబ్బా తనంతట తనే చిన్న వీడియో దాచుకొని ఫిజియో మేడమ్ లిస్టుకు పంపుతది. ఆ పిల్ల చంక కొలత ఆ డబ్బాకు మంచి క్షణం. వీడియో ఉంది, మాటలతో సహా. ఎనక ఒకామె వాళ్ళత్త గురించి చెప్పిన ముచ్చట గూడ ఉంది, అది నేను సచ్చినా రాయ.

పంపిందా? లేదు. 'వేచి ఉంది' అని తిరుగుతనే ఉంది. ఆ కాలనీల నెట్ నత్త లెక్క వస్తది. సిగ్నల్ రానందుకు దండం పెట్టుకున్నది నా జిందగీల అదొక్కసారే.

వదిన అప్పటికే నలుగురైదుగురు ఆడోళ్ళను పిలిచింది. ఆ పిల్ల గూడ వచ్చింది, తలుపు దగ్గర నిలబడ్డది. అందరి ముందట వీడియో తుడిచేసిన. మైకు బంద్ పెట్టిన. మంచి క్షణాలు బంద్ పెట్టిన. అప్పుడు ఓనర్ ఫోన్.

"ఏమైంది? సెట్టింగ్ బంద్ పెట్టి, కెమెరా కన్నుకు ఒక స్టిక్కర్ అంటిచ్చి రా. కంప్లెయింట్ క్లోజ్ చెయ్యి."

స్పీకర్‌ల ఉంది. అందరు విన్నరు. ఒకామె, బడిల వంట చేసే ఆమె, అడిగింది: "స్టిక్కర్ ఎవరు తీస్తరు?"

"ఎవరూ తియ్యరు" అని ఓనర్.

"పొద్దున కసరత్తు చెయ్యాల్నంటే తియ్యాలె గద భయ్యా? తీసినంక మళ్ళ పెట్టిండో లేదో నాకెట్ల తెలుస్తది? లోపలికి వచ్చేది నేను, సెట్టింగ్ పెట్టేది ఇంకోళ్ళు. నా చేతిల ఏముంది?"

తమ్మీ, చెల్లె, ఈ మాట రాసి పెట్టుకోండి. మనకు ట్రైనింగ్‌ల నేర్పిచ్చే ప్రైవసీ మొత్తం డబ్బా కొన్నాయన చేతిల ఉంటది. ఆ ఇంటికొచ్చి పోయేటోళ్ళకు ఏ బటనూ లేదు. ఓనర్ "క్లోజ్ చెయ్" అని మళ్ళొకసారి అంటే నేను ఫోన్ల అరిచిన, "క్లోజ్ చేస్త ఉండు, బట్టల దుకాణం ట్రయల్ రూమ్‌ల పెడతా ఒకటి, స్టిక్కర్ అంటిస్త, మీ ఇంటోళ్ళను పంపిస్తవా?" అటు లైన్ కట్టయింది. ఆడోళ్ళు నవ్విండ్రు. నాకు మాత్రం కోపం తగ్గలే.

అప్పుడు తలుపు మీద సప్పుడు. అన్న. తన ఇంట్లకు తనే, "లోపలికి రావొచ్చా?" అని అడిగిండు. వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డడు. ముఖం ఎత్తలే.

"తప్పు నాదే. ఇరవై ఏండ్ల సంది మిషన్ల నడుమ పనిచేసి, టీవీ బందైతే అన్నీ బందే అనుకున్న. వర్క్‌షాప్‌ల మేము లైటు ఆరినంత మాత్రాన మిషన్ బందైందని నమ్మం. ఒక వారం టైమియ్యున్రి. అప్పటిదాంక ఆ డబ్బా వైరు పీకి ఇగో ఈ కంపెనీ పిల్ల చేతికిస్తున్న. వైరు లేకపోతే డబ్బా రాయితో సమానం."

వైరు నా బ్యాగ్‌ల పెట్టుకొని జగదల్‌పూర్ పోయిన.

వారం తర్వాత వైరు వాపస్ తీసుకొని పోతే టీవీ కింద గోడకు ఇనుపరేకుతో ఒక చిన్న పెట్టె బిగిచ్చి ఉంది. ముందట తలుపు, తలుపుకు మందపాటి పట్టీ, పట్టీ నిండ బొక్కలు. ఒంటిచేత్తో చేసిండు, తోటి ఫిట్టర్ ఒకాయన సాయం పట్టిండట. ఆ ఫిట్టర్ గూడ అరుగు మీదనే ఉన్నడు, ఎక్కువ మాట్లాడడు.

అన్న చూపిచ్చిండు. డబ్బా వైరు ప్లగ్గు ఆ పెట్టెల పడుతది. తలుపు మూస్తరు. పట్టీ బొక్కల తాళం పడుతది. తాళం ఉన్నంతసేపు ప్లగ్గు కరెంటుకు అందదు.

"మా వర్క్‌షాప్‌ల గింతే" అన్నడు. "బెల్టు మీద పదిమంది పనిచేస్తే పదిమందివి పది తాళాలు. ఎవని తాళం వాడు వేస్తడు, ఎవని తాళంచెయ్యి వాని జేబుల. కడపటి మనిషి తాళం తీసేదాంక మిషన్ చాలూ గాదు. నా పని అయింది, నేను బయటికొచ్చిన అని చెప్పేది ఆ మనిషే. సూపర్‌వైజర్ చెప్పొద్దు, దోస్తు చెప్పొద్దు. తాళం వేసినంక ఒకసారి బటన్ నొక్కి చూడాలె. వస్తే తాళం పడలేదన్నట్టు. ఇక మీరు లోపలికొచ్చేటప్పుడు ఎవల తాళం వాళ్ళు తెచ్చుకోండ్రి."

ఆడోళ్ళు ఒకల ముఖం ఒకలు చూసుకున్నరు. బడి వంటామె మొదలు లేచింది. బటన్ నొక్కింది. ఏమీ రాలే. ఇంకోసారి నొక్కింది. "చచ్చింది" అన్నది సంతోషంగ.

మరుసటి వారంకల్లా ఆ పట్టీ చూడాలె! బియ్యం డబ్బా తాళం, సైకిల్ తాళం, పెట్టె తాళం, కోళ్ళగూడు తాళం. ఒకామె ఇంత లావు తాళం తెస్తే వదిన అడిగింది, "ఏం తాళం తల్లీ ఇది?" "మా ఆయన నోటికి వేద్దామని కొన్న వదినా, పట్టలే. ఈడికి తెచ్చిన." ఆ చంక కొలత పిల్ల గూడ వచ్చింది. చిన్న సూట్‌కేస్ తాళం తెచ్చింది. తన చేత్తో వేసింది, తాళంచెయ్యి గొలుసుకు కట్టుకుంది, అప్పుడు చెయ్యెత్తింది. వదిన టేపు పట్టుకొని కళ్ళు తుడుచుకునుడు నేను చూసిన.

నాకు ఆగుతదా? ఫోన్ తీసిన, తాళాల ఫోటో కొడదామని. గోడవారన ఒక పెద్దమ్మ కూసొనుంది. ఆవపల్లి అవతల ఊరు ఆమెది, కాలనీల బిడ్డ ఇంటికి వచ్చింది, వాళ్ళ దోర్లీ భాష, తెలుగు రెండూ కలిపి మాట్లాడతది. నన్ను ఎగాదిగా చూసి అన్నది:

"పిల్లా, టీవీ మీదిదానికి తాళమేసినం. నీ చేతిలదానికేది?"

గదిల నవ్వులు. నా ముఖం ఎర్రగయింది. కోపం గూడ వచ్చింది, అబద్ధమెందుకు. కానీ ఏమని కోప్పడాలె? దానికి గూడ కన్నుంది, చెవుంది. బయటికి పోయి ఫోన్ అన్న చేతికిచ్చి వచ్చిన. ఆ రోజు నుంచి ఆ గదిలకు ఎవరి ఫోనూ పోలే. అన్న కుర్చీ పక్కన స్టూల్ మీద వరుసగ పెట్టి పోతరు. అన్న వాటికి వాచ్‌మన్.

పొద్దున తాళాలుండవు, అన్న కసరత్తు. పదింటికి ఆడోళ్ళు, తాళాలు. సాయంత్రం అందరు తీసుకపోతరు, మళ్ళ అన్న కసరత్తు. వాపస్ పోయిన బట్టలన్నీ మళ్ళ వచ్చినయి. అన్న చెయ్యి చెవిదాక లేచింది. నేను మా సర్వీసోళ్ళ వాట్సాప్ గ్రూపుల ఈ సంగతి చెప్పి మస్తు గొప్పలు పోయిన.

ఇక అసలు రోజు.

డాక్టర్ పరీక్ష దగ్గరికొచ్చింది. ఫిజియో మేడమ్ మా దుకాణానికి ఫోన్ చేసింది, "ఆయన లెక్కలు రావట్లేదు, మధ్యల ఆపిండా?" అని. నేను ఉరికిన. చూస్తే పట్టీకి ఒక్క తాళం. పాత ఇత్తడిది, పిడికిలంత ఉంది. పెద్దమ్మది. ఇప్పపువ్వు ఏరే రోజులని ఊరికి పోయింది, తాళం తియ్యకుండనే పోయింది. తాళంచెయ్యి ఆమె మొలతాడుకే ఉంది.

"ఫోన్ చెయ్యండ్రి!"

"చేసినం చెల్లె" అని వదిన. "ఆడ టవర్ ఏడుంది? బిడ్డ సైకిల్ మీద పోతున్న మనిషితోని కబురు పంపింది. అడవిలకు పోయిందంట, ఎప్పుడొస్తదో తెల్వదు."

బయట స్టూల్ మీద నా ఫోన్ ఉంది, అండ్ల పెద్దమ్మ నంబరుంది, ఏం లాభం. నేను బ్యాగ్‌లకెల్లి కొత్త వైరు తీసిన. "తాళం వేసింది ఆ ప్లగ్గుకు. ఇది వేరే వైరు. పెట్టుకో అన్నా, అయిపాయె."

అన్న వైరు దిక్కు చూడలే. "తాళం ప్లగ్గుకు గాదు చెల్లె. పనికి."

గంతల ఆ తోటి ఫిట్టర్ వచ్చిండు, చేతిల పెద్ద కట్టర్. వర్క్‌షాప్‌లకెల్లి తెచ్చిండు. కాలనీ ఆడోళ్ళు గూడ జమైండ్రు. బడి వంటామె అన్నది, "కొయ్యి అన్నా. మేమందరం ఒప్పుకుంటున్నం. ముసలామె మర్చిపోయి పోయింది. కొత్త తాళం కొనిస్తం." వదిన కళ్ళు కట్టర్ మీదనే ఉన్నయి. ఈ గదిల కెమెరా వద్దని మొదలు లొల్లి పెట్టింది ఆమెనే. ఇప్పుడు ఆమెకు మొగుని చెయ్యి కావాలె. ఎవరికి ఉండదు?

నేనైతే అరుస్తున్న. "కొయ్యన్నా! ఏం చూస్తున్నవ్! పరీక్ష పోతే పని పోతది!"

ఫిట్టర్ తాళం కొంకికి కట్టర్ పెట్టిండు. అన్న మంచి చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకున్నడు. మెల్లగ అన్నడు:

"రెండోసారి గూడ నువ్వేనారా?"

ఆ మనిషి కట్టర్ కిందికి దించిండు.

అప్పుడు తెలిసింది నాకు. బెల్టు కింద అన్న ఉన్నప్పుడు ఆయన తాళం కోసి తీసింది ఈ దోస్తే. తాళం ఒక్కటే మిగిలింది, మనిషి కనబడలే, ఛాయ్‌కి పోయిండు, తాళం తీసుడు మర్చిపోయిండు అనుకున్నడు. పని ఆగొద్దని మంచికే తీసిండు. మిషన్ చాలూ అయింది. ఈ గేమ్ డబ్బాకు ముందుపడి చందా వేసింది గూడ ఈయనే.

"వాని మీద నాకు కోపం లేదు" అని అన్న అందరి దిక్కు తిరిగి చెప్పిండు. "వాడు గూడ నేను మర్చిపోయిన్ననే అనుకున్నడు. మీరు గూడ అదే అంటున్నరు. మర్చిపోయిందో లేదో ఆమెకెరుక. ఆమె నా ఇంట్లకొచ్చి, నా మాట నమ్మి వేసింది. మీ అందరు కలిసి ఒప్పుకున్నా అది మీ తాళం గాదు. రేపు ఇది కోస్తే, ఎల్లుండి మీరు వేసేటివి గూడ ఉత్త ఇనుమే."

"నీ చెయ్యో?" అని నేను.

"చెయ్యి నాదే గద. నేను చూసుకుంట."

వదిన లేచింది. ఆమె ముఖంల ఒక్క క్షణం ఏదో అటు ఇటు అయింది. తర్వాత ఫిట్టర్ చేతిలకెల్లి కట్టర్ తీసి అరుగు మీద పెట్టింది. మార్కింగ్ చాక్ తెచ్చింది, అన్నను గోడకు నిలబెట్టింది. "ఎత్తు." ఎత్తిండు. ఆగిన కాడ గీత గీసింది, టేపు పెట్టి చూసింది. "గింతేనా? చంక కొలతకే ఆడపిల్లలు ఇంతకన్న ఎక్కువ ఎత్తుతరు. మళ్ళ!"

ఆ తర్వాత ఆ గదిల జరిగింది ఏ గేమ్‌ల లేదు. జాకెట్ కోసం వచ్చినోళ్ళందరు పని అయినంక కూసునుడు మొదలుపెట్టిండ్రు. అన్న గోడకు నిలబడాలె, చెయ్యెత్తాలె. ఆడోళ్ళు వరుసగా కూసొని చూడాలె. "ఔర్ ఊపర్!" అని ఒకామె. "శాబాష్!" అని ఇంకొకామె, డబ్బా గొంతుతోటి. అన్నకు సిగ్గు, చెమటలు. బనియన్ మీద ఉన్న అంటే, బడి వంటామె, "మమ్ముల్ని డబ్బా చూసింది, మేము నిన్ను చూస్తున్నం. ఎత్తు!" అన్నది. చూస్తమని అడిగే మొదలుపెట్టిండ్రు, అది గూడ చెప్పాలె. వదిన ముందు అన్నను అడిగింది, "వీళ్ళుంటే నీకేమన్ననా?" అని. ఆయన "ఉండనియ్యి" అన్నంకనే కూసున్నరు.

ఆ దోస్తు ఫిట్టర్ ఒక కప్పీ తెచ్చి అరుగు దూలానికి కట్టిండు, తాడు వేసిండు. మంచి చేత్తో గుంజితే పాడైన చెయ్యి లేస్తది. రోజూ పని దిగంగనే వచ్చి తాడు పట్టుకొని నిలబడేటోడు. ఇద్దరు మాట్లాడుకోంగ నేను వినలే. తాడు కిర్రుమని సప్పుడు ఒక్కటే.

ఫిజియో మేడమ్‌కు లెక్కలు కావాలె గద. వదిన గోడ మీద గీతలు చూసి నాకు ఫోన్ల ఇంచులు చెప్పేది, నేను మేడమ్‌కు మెసేజ్ పెట్టేదాన్ని. మేడమ్ మొదలు చిరాకు పడ్డది. తర్వాత ఆమెనే అడుగుడు మొదలుపెట్టింది, "ఈ రోజు గీత ఎక్కడ?"

పరీక్ష నాడు నేను దుకాణంల ఉన్న. ఫోన్ చేతిలనే పట్టుకున్న, అది కొత్త సంగతేం గాదు, కానీ ఆ రోజు ఒక్క వీడియో గూడ చూడలే. మధ్యాహ్నం వదిన ఫోన్.

"తీసుకున్నరు." అంతే. ఎనక కుట్టుమిషన్ నడుస్తనే ఉంది. మొదలు బరువులెత్తని పని ఇస్తరట, తర్వాత చూస్తరట. నేను దుకాణంల ఎగిరితే ఓనర్ తల పట్టుకొని అన్నడు, "అన్నీ బాగున్నయి. నీ కంప్లెయింట్ మాత్రం ఇంకా ఓపెన్‌లనే ఉంది."

ఆ తర్వాత ఎక్కువ రోజులు నేను అక్కడ లే. డెమో చూడనీకి వచ్చిన ప్రతి కస్టమర్‌కు, ఈ డబ్బా ఏ గదిల పెడతరు, ఆ గదిలకు ఎవరెవరొస్తరు, వాళ్ళను అడిగిండ్రా అని మొదలుపెట్టిన. డబ్బాలు అమ్ముడు తగ్గింది. మిగతాది ఓనర్‌ను అడుగు.

పోయే ముందర ఒకసారి ఆ కాలనీకి పోయిన, చెప్పి పోదామని. అన్న డ్యూటీకి పోయిండు. వదిన కుడుతుంది. ఇత్తడి తాళం అట్లనే ఉంది. నేను ఛాయ్ తాగుతుంటే తలుపు దగ్గర ఎవరో. పెద్దమ్మ. ఎండకు మాడిపోయింది, మూటల నుంచి ఇప్పపువ్వు వాసన.

వదిన మిషన్ ఆపి లేచింది. "పెద్దమ్మా! తాళం మర్చిపోయి పోయినవ్, మా ఇంట్ల ఎంత లొల్లయిందో ఎరుకనా?"

పెద్దమ్మ గుమ్మంల ఆగింది. "మర్చిపోయిన్నని ఎవరన్నరు?"

"మరి?"

"నా జాకెట్ నీకాడనే ఉండె గద. తొడిగి చూసుకోలే. పని గాకముందే తాళం ఎట్ల తీస్త? నీ మొగడే చెప్పె, పని అయినంక తియ్యమని."

వదిన నా దిక్కు చూసింది. నేను వదిన దిక్కు చూసిన. పెద్దమ్మకు మా ఇద్దరి ముఖాలు అర్థం గాలే, తాళం దగ్గరికి పోయి పట్టుకొని గుంజి చూసుకుంది, గట్టిగనే ఉంది. ఎవరన్న ముట్టిండ్రా అని అడగలే. ఆ మాట ఆమెకు తోచలేదనుకుంట.

వదిన జాకెట్ తీసింది. తలుపు గడియ పెట్టింది, పరదా దించింది. నేను ఫోన్ అరుగు మీద స్టూల్ మీదనే పెట్టొచ్చిన. పెద్దమ్మ కొంగు మీద చెయ్యి పెట్టి ఆగింది.

"పిల్లా, నొక్కి చూసినవా?"

నొక్కిన. ఇంకోసారి నొక్కిన.

"రాలే పెద్దమ్మా."

"ఆఁ, గట్లయితే సరే" అని కొంగు తీసి పక్కన పెట్టి, రెండు చేతులు పైకెత్తింది.